ఉట్టిమీది కీటకములు

ఆరని ధాన్యమును గాదెకెత్తరాదని మీకొకరు చెప్పవలసిన పనిలేదు. ఆ నియమమునే పాటించి, హెన్రీ బేట్సు అను నొక ఆంగ్లేయుడు శాస్త్రలోకమునకు గొప్ప సత్యము నొకదానిని దక్కించెను.

బేట్సు 1825లో లీసెష్టరు పట్టణమున మేజోళ్లవర్తకుని యింట జన్మించెను. 1848లో మిత్రుడగు వాలెసుతో గూడి, కీటకములను సేకరించుటకై దక్షిణ అమెరికాలోని అమెజాను నదీప్రాంతమునకు వెడలెను. వాలెసు 1852లో మరలిపోయినను, ఇతడు 1859 వఱకు నచ్చటనే యుండెను. అందు నాలుగేండ్లకు పైగా ఏగా అను చిన్న యూరిలో గడపెను. ఆ యూరినిప్పుడు తెఫే యందురు.

అది వానలకును ఉక్కకును పుట్టినిల్లు. చచ్చిన కీటకము పైకి ఎండినట్లు కనబడినను లోపలి మాంసమున తడి నిలిచియుండును. దానిని పెట్టెలో మూసినచో కొలది దినములకే తెల్లని బూజు పట్టును. ఆరుటకై బయట నుంచుదమన్న, చీమలును ఎలుకలును మిగులనీయవు. మూసిన బూజు, తెఱచిన చీమ! ఏమి చేయవలెను?

బేట్సు మన యిండ్లలోని ఉట్టివంటి యుపాయమునే పన్నెను. ఆరవేయు గూళ్లను ఇంటివాసములనుండి త్రాళ్లతో వ్రేలాడగట్టెను. చీమలు దిగకుండ త్రాళ్లకు చేదునూనె పూసెను. ఎలుకలు రాకుండ త్రాటి నడుమ ఎండిన కాయచిప్పలను బోర్లించి కట్టెను. ఆ గూళ్లలో గాలికి చక్కగా ఆరినపిదపనే కీటకములు పెట్టెలకెక్కవలెను.

ఇంత శ్రమ యెందులకందురా? సీతాకోకచిలుక రెక్కపై రంగు సన్నని పొలుసులలో నున్నది. బూజు పట్టినచో ఆ రంగు చెడును. రంగు చెడినచో సాక్ష్యము పోవును. బేట్సు సీతాకోకచిలుకలను ప్రక్కప్రక్కన నుంచి పోల్చి చూడగా, పక్షులకు రుచింపని జాతి వేషమును వేఱొక కుటుంబపు జాతులు ధరించి ప్రాణము దక్కించుకొనుచున్నవని తోచెను. 1862లో అచ్చయిన ఈ వాదమును డార్విను మిక్కిలి మెచ్చెను. తాను సేకరించిన జంతుజాతులు 14,712 అనియు, వానిలో 14,000 కీటకములే యనియు, మొత్తముమీద 8,000 శాస్త్రమునకు క్రొత్తవనియు నతడు లెక్క వ్రాసెను.

నేడు ప్రదర్శనశాలలలో గాలిలోని తేమను నూటికి 65 పాళ్లకు లోబడియుంచిన బూజు పెరుగదని యెఱుగుదురు. వాముపువ్వు, అనగా థైమాల్, బూజును చంపును. కలరా ఉండలు పురుగులను తోలునేకాని బూజుపై వానికి బలము చాలదు. ఏ మందైనను ఆరబెట్టుటకు తోడే కాని బదులు కాదు. తడిని లోపల నుంచి తలుపు మూయరాదు: గాదెకైనను, కీటకపు పెట్టెకైనను ఇదియే మొదటి కాపుదల.