మద్రాసు సాధారణ అమ్మకపు పన్ను చట్టం (1939)

రాజాజీ ప్రభుత్వం మద్రాసు రాష్ట్రంలో తెచ్చిన పన్ను చట్టం. చిల్లర అంగడి మొదలు టోకు కొట్టు దాకా సరుకుల అమ్మకాలపై పన్ను వేసే పద్ధతి దేశంలో దీనితోనే మొదలైందని సాధారణంగా చెబుతారు. మధ్యపరగణాలు 1938లోనే పెట్రోలు, కందెన నూనెల అమ్మకంపై పన్ను వేశాయి గనుక ‘మొట్టమొదటిది’ అన్న మాటపై అభ్యంతరం లేకపోలేదు. అయితే ఆ పన్ను ఒకటి రెండు సరుకులకే పరిమితం. దాదాపు సరుకులన్నిటికీ వర్తించిన తొలి పన్ను మద్రాసుదే అనుకోవడం సబబు.

నేపథ్యం. కల్లు, సారా పాటల వల్ల వచ్చే ఆబ్కారీ రాబడి ఆనాటి మద్రాసు ఖజానాకు పెద్ద ఆధారం. 1937లో సేలంలో మద్యనిషేధం మొదలై, మరుసటి ఏడు చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరించింది. కోల్పోయిన రాబడిని పూడ్చుకోవడానికి 1935 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాలకిచ్చిన అమ్మకపు పన్ను అధికారాన్ని రాజాజీ వాడుకున్నారు. పెట్రోలు, పొగాకు, వినోదాలపై చట్టాలూ 1939లోనివే. నిషేధం లేకపోయినా ఈ పన్ను ఏదో ఒకనాటికి వచ్చేదనే వాదం ఉంది. కాలక్రమం చూస్తే నిషేధమే కారణమన్న మాటే బలంగా కనిపిస్తుంది.

అమలు. రేటు స్వల్పం, సుమారు అరశాతం. కాని సరుకు చేతులు మారిన ప్రతిసారీ కట్టాలి. వేరుశనగ నూనె మిల్లు నుంచి టోకు వర్తకుడికి, అతని నుంచి పచారీ కొట్టుకు, అక్కడి నుంచి ఇంటికి చేరేలోగా మూడుసార్లు పన్ను పడేది. రైతు తన పంటను తానే అమ్ముకుంటే పన్ను లేదు. చిన్న వర్తకులకూ మినహాయింపు ఉండేది.

మిల్లు యజమాని చేసే మొదటి అమ్మకంపై పన్ను నిజానికి ఉత్పత్తి సుంకమేననీ, అది కేంద్రం హక్కనీ వివాదం రేగింది. వేరుశనగ నూనె, చెక్క వ్యాపారం చేసే బొద్దు పైడన్న అండ్ సన్స్ వ్యాజ్యంలో ఫెడరల్ కోర్టు 1942లో రాష్ట్రం పక్షాన తీర్పు చెప్పింది. ప్రీవీ కౌన్సిల్ 1945లో ఆ వైఖరినే సమర్థించింది. రాష్ట్రాల పన్ను అధికారంపై తర్వాత నడిచిన వ్యాజ్యాల్లో తరచూ ఉదహరించిన తీర్పుల్లో బొద్దు పైడన్న తీర్పొకటి.

తర్వాతి చరిత్ర. 1939 అక్టోబరులో రాజాజీ మంత్రివర్గం రాజీనామా చేసింది. గవర్నరు పాలన యుద్ధకాలంలో మద్యనిషేధాన్ని పక్కన పెట్టింది, దానికోసం పుట్టిన పన్నును మాత్రం వదులుకోలేదు! స్వాతంత్ర్యం తర్వాత 1948 నాటికి రాష్ట్రమంతటా నిషేధం అమలైంది. ఆంధ్ర రాష్ట్రానికి 1953లో నిషేధమూ పన్నూ రెండూ వారసత్వంగా దక్కాయి. నిషేధం ఎత్తివేయాలన్న రామమూర్తి సంఘం సిఫారసు చుట్టూ రేగిన వివాదంలో, 1954 నవంబరులో ప్రకాశం ప్రభుత్వం అవిశ్వాస తీర్మానంపై ఒక్క ఓటు తేడాతో పడిపోయింది.

తెలంగాణలో 1950 నాటి హైదరాబాదు చట్టం వేరుగా నడిచేది. 1957 ఆంధ్రప్రదేశ్ సాధారణ అమ్మకపు పన్ను చట్టంతో రెండు ప్రాంతాలూ ఒకే పద్ధతిలోకి వచ్చాయి. దాని స్థానంలో 2005 ఏప్రిల్ 1 నుంచి వ్యాట్, 2017 జూలై 1 నుంచి జీఎస్టీ వచ్చాయి. తాగే మద్యం జీఎస్టీలో చేరలేదు. పెట్రోలు, డీజిలుపైనా రాష్ట్రాలు ఇంకా వ్యాటే వసూలు చేస్తున్నాయి.