సాక్చి నుంచి డేటా కేంద్రం దాకా: పొగకూ మురుగునీటికీ చట్టం

ఉక్కు కర్మాగారానికి స్థలం వెతుకుతూ వెల్డ్, శ్రీనివాసరావు మొదలైనవారు 1907 డిసెంబరులో సాక్చి అనే చిన్న ఊరికి చేరుకున్నారు. సువర్ణరేఖ, ఖర్కాయ్ నదులు కలిసేది ఆ దాపులనే. ఖనిజం, బొగ్గు రైలులో తెప్పించుకోవచ్చు. నీరు మాత్రం నదే ఇవ్వాలి. 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు తయారైంది. 1919లో ఊరు జంషెడ్‌పూర్ అయింది. పాత పేరు ఇప్పుడు ఒక పేటకూ దాని బజారుకూ మిగిలింది.

నీరు తెచ్చుకోవడం మీద ఉన్న శ్రద్ధ, వాడిన నీటిని వదలడం మీద ఆనాటి చట్టాలకు లేదు. బొగ్గును గాలి తగలనీయకుండా వేడిచేసి కోక్ తయారుచేస్తారు. అప్పుడు వెలువడే వాయువును చల్లార్చి కడిగిన నీటిలోకి అమ్మోనియా, ఫినాల్, సయనైడ్ చేరతాయి. పొగ సంగతి కొంత నయం. కలకత్తా, హౌరాల కోసం 1905లోనే ఒక చట్టం వచ్చింది. అయితే అది పట్టించుకున్నది కంటికి కనబడే నల్లటి పొగను. సల్ఫర్ డయాక్సైడ్‌కు రంగు లేదు కదా!

నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో గాని రాలేదు, అంటే తొలి ఉక్కు తరువాత 62 ఏళ్లకు. నీరు రాష్ట్రాల అధికారంలోనిది కనుక, రాష్ట్రాల శాసనసభలు తీర్మానిస్తేనే పార్లమెంటు ఈ చట్టం చేయగలిగింది. మొదట వర్తించిన 12 రాష్ట్రాలలో బీహారు ఉంది (సాక్చి అప్పుడు బీహారులోనిదే). ఆంధ్రప్రదేశ్ తరువాత చేరింది. కొత్త కర్మాగారాలే కాదు, అప్పటికే నీరు వదులుతున్నవి కూడా మండలి సమ్మతి కోరాలని చట్టం చెప్పింది. గాలికి చట్టం 1981లో వచ్చింది.

టాటా సంస్థకు చెందిన పశ్చిమ బొకారో గనుల బురద బొకారో నదిలో కలుస్తోందని సుప్రీంకోర్టులో ఒక వ్యాజ్యం పడింది. 1991లో కోర్టు దాన్ని కొట్టివేసింది. పిటిషనరుది ప్రజాహితం కాదు, ఆ బురద మీద సొంత ఆసక్తి అని తేల్చింది. కాని అదే తీర్పులో కాలుష్యం లేని నీరు, గాలి జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఓడిపోయిన కేసు ఇంతగా ఉపయోగపడటం అరుదు!

2025 అక్టోబరులో విశాఖపట్నానికి భారీ డేటా కేంద్రాన్ని గూగుల్ ప్రకటించింది. ఇలాంటి కేంద్రాలకు కొలిమి లేదు. కరెంటు పోతే అందుకునే డీజిల్ జనరేటర్లు మాత్రం వరుసగా ఉంటాయి. అవి నడిచినప్పుడు నైట్రోజన్ ఆక్సైడ్లు, మసి వెలువడతాయి. నీటితో చల్లబరిచే చోట నీరు ఆవిరై లవణాలు చిక్కబడతాయి. అందుకే కొంత నీటిని తరచు బయటికి వదలాలి. పాచి పట్టకుండా కలిపిన రసాయనాలూ దానితో పోతాయి. ఈ నీరు చూడటానికి తేటగా ఉండవచ్చు. 1974 చట్టం రంగును అడగదు. నదిలోకా, బావిలోకా, మురుగుకాలువలోకా, నేలమీదికా అన్నదే అడుగుతుంది.