ఎత్తు మీద ఎనిమిది దిమ్మెలు

వికారాబాద్ దాటి, అనంతగిరి కొండలు వెనకబడ్డాక తారురోడ్డు వదిలి ఎర్రమట్టి బాట పట్టండి. మలుపులో ట్రైలర్ ఆగి ఉంది. దాని మీద టార్పాలిన్ కప్పుకున్నది ఒక గది: పొడవు 20 అడుగులు, వెడల్పు 8. హైదరాబాద్ శివారు షెడ్డులో తలుపులు, కిటికీలు, వైరింగుతో సహా తయారై వచ్చింది. అంతకంటే వెడల్పు చేయిస్తే ఈ బాటలో పట్టదు. పైన బోరు మోటార్లకు వెళ్లే కరెంటు తీగలు కిందికి వేలాడుతున్నాయి. లైన్‌మన్ సరఫరా ఆపేదాకా బండి కదపనంటాడు డ్రైవర్. అతని మాటే సరైనది. ఆ తీగలు మన చెలకదాకా రావు. ఈ గదికి కరెంటు ఎండ నుంచే రావాలి.

మే నెల. పొద్దున పదికే నేల కాలుతోంది. ఎత్తు మీద ఎనిమిది కాంక్రీటు దిమ్మెలు; వారం పాటు గోనెపట్టాలు కప్పి తడిపినవి. దిగువన అంత పెద్ద చింత నీడ ఉండగా ఇక్కడెందుకని మీరు అడగబోతారు. పక్క చేను పెద్దాయన ముందే చెప్పాడు: "గా చెట్టు కాడ వానకాలం మోకాల్దాక నీళ్లు నిలుస్తయ్ బిడ్డా. కొమ్మ ఇరిగితే మీదనే పడ్తది." పైగా నీడలో సోలార్ పలకలు సరిగా పనిచెయ్యవు.

మేస్త్రీ నీళ్లు నింపిన సన్న పైపుతో చివరిసారి మట్టం చూస్తున్నాడు. నేల వాలు కాబట్టి ఒకవైపు దిమ్మెలు అడుగున్నర, మరోవైపు రెండున్నర. పైమట్టం మాత్రం ఒక్కటే కావాలి. తేడా వస్తే ఫ్రేము మెలిపడుతుంది, తలుపు బిగుసుకుపోతుంది.

లైన్‌మన్ సరఫరా ఆపాక ట్రైలర్ పైకి చేరింది. హైడ్రా క్రేను వచ్చింది. నాలుగు మూలలకీ బెల్టులు తగిలించారు. రెండు చివర్లా తాళ్లు పట్టుకుని ఇద్దరు నిలబడ్డారు. "లేపు... లేపు... జర ఆగన్నా!" గది ట్రైలర్ మీంచి లేచి, గాలికి తిరగబోతుంది. తాళ్లు బిగుస్తాయి. "ఎన్కకు... ఇంక జర... ఇగ దించు!" దిమ్మెల్లో నాటిన బోల్టులు అడుగు ఫ్రేము రంధ్రాల్లోకి దిగుతుంటే ఎవరూ మాట్లాడరు. ఈదురుగాలి లేస్తే ఇంత తేలిక గదికి ఆ బోల్టులే దిక్కు.

గోడ మీద చెయ్యి పెట్టండి. రేకు చురుక్కుమంటుంది. లోపలికెళ్లి అదే చోట పెట్టండి: గోరువెచ్చగా ఉంటుంది. రెండు రేకుల మధ్య 50 మిల్లీమీటర్ల పఫ్ నురుగు చేసిన పని అది. కానీ నురుగు వేడి రాకను ఆలస్యం చేయగలదే గాని గదిని చల్లబరచలేదు. అందుకే పొడుగు గోడలు ఉత్తర దక్షిణాలకు తిప్పి, ఎదురెదురు కిటికీలు పెట్టించాం. పడమటి ఎండకు దొరికేది ఇరుకు గోడే. కప్పుకు కాస్త ఎత్తుగా బిగించే సోలార్ పలకలు మూడింట రెండొంతులు నీడ పరుస్తాయి. కింద నుంచి గాలి ఆడుతుంది.

పలకలు నాలుగు, ఒక్కోటి 540 వాట్లు; దక్షిణానికి 17 డిగ్రీల వాలు, ఇక్కడి అక్షాంశం అంతే. ఎండ బాగున్న రోజు ఎనిమిది యూనిట్లు ఇస్తాయి. లిథియం బ్యాటరీలో పట్టేది ఐదు. 30 వాట్ల ఫ్యాన్లు, లైట్లు, చిన్న ఫ్రిజ్, పగటిపూట కాసేపు నీళ్ల మోటారు హాయిగా నడుస్తాయి. గీజరు ఆశ వదులుకోవాలి. ముసురు పట్టిన రోజుల్లో ఫ్రిజ్ కూడా ఆపాల్సి రావచ్చు. ఎత్తు మీద ఒంటరిగా ఉన్న ఇనుప గది గనక ఎర్తింగు, పిడుగు నుంచి కాపాడే కడ్డీ తప్పనిసరి. వీటిలో పొదుపు చెయ్యడం ప్రాణాలతో బేరం.

మూసీ పుట్టే కొండల పక్కనే ఉన్నా ఈ ఎత్తు మీద నీటికి వానే ఆధారం. దాదాపు 15 చదరపు మీటర్ల కప్పు. అంగుళం వానకు 350 లీటర్లు ట్యాంకులో పడతాయి. తొలి జల్లు దుమ్ముతో వస్తుంది, దాన్ని బయటికి వదిలేసే పైపు వేరే ఉంది. ఎండాకాలం ట్యాంకరు తప్పదు. మరుగుదొడ్డికి దిగువన, చుట్టుపక్కల బావులకు దూరంగా రెండు గుంతలు తవ్వారు. లోపల సందులు వదిలి ఇటుక కట్టారు. ఒకటి నిండాక రెండోదానికి మళ్లిస్తే, మొదటిది ఏడాది రెండేళ్లలో ఎరువవుతుంది.

గదిని దించడానికి అరగంట పట్టింది. మట్టం, నీటి వాలు, గుంతలు, గాలి దిక్కు చూసుకోవడానికే నెలలు పట్టాయి. ఆ పని ఏ ఫ్యాక్టరీ చేసివ్వదు. మీకూ ఇలాంటి ఆలోచన ఉంటే, క్యాబిన్‌కు అడ్వాన్సు ఇవ్వకముందే జోరువాన పడ్డ రోజున ఆ నేల మీద గొడుగేసుకుని నడవండి. నీళ్లు ఎటు పారుతున్నాయో చూడండి. పక్క చేను రైతును అడగండి.