టైమింగ్ చెయిన్ అమరిక

టైమింగ్ చెయిన్ అనునది ఇంజనులో క్రాంక్ షాఫ్టు తిరుగుడును కామ్ షాఫ్టుకు అందించే లోహపు గొలుసు. పిస్టన్ల కదలికకు అనుగుణంగా వాల్వులు (కవాటాలు) తెరుచుకొని మూసుకొనేటట్లు చూడడం దీని పని. విప్పిన ఇంజనును తిరిగి బిగించేటప్పుడు ఈ గొలుసును గుర్తుల ప్రకారం కూర్చడాన్ని వాడుకలో "టైమింగ్ పెట్టడం" అంటారు. ఇందులో పొరపాటు జరిగితే ఇంజను సరిగా నడవదు. కొన్ని ఇంజన్లలో పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి.

వాడుక

2014 వరకు తయారైన హిందుస్తాన్ అంబాసిడర్ కారులోని 1489 సీసీ పెట్రోలు ఇంజనులో టైమింగ్ చెయిన్ ఉండేది. మారుతి 800లో గొలుసుకు బదులు రబ్బరు బెల్టు వాడారు. మారుతి కె-సిరీస్ పెట్రోలు ఇంజన్లలోను, 2020 వరకు మారుతి స్విఫ్ట్ డీజిల్‌లో వాడిన 1248 సీసీ ఫియట్ ఇంజనులోను గొలుసే ఉన్నది.

పనిచేసే విధానం

నాలుగు ఘాతాల ఇంజనులో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగినపుడు కామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. అందువలన కామ్ చక్రానికి క్రాంక్ చక్రం కంటే రెట్టింపు పళ్ళు ఉంటాయి. ఉదాహరణకు క్రాంక్ చక్రానికి 20, కామ్ చక్రానికి 40 పళ్ళు ఉంటే, ఒక పన్ను తేడా కామ్ షాఫ్టు వద్ద 9 డిగ్రీలు, క్రాంక్ షాఫ్టు లెక్కలో 18 డిగ్రీలు అవుతుంది.

అమర్చే పద్ధతి

1. కొలతలు, బిగింపు వివరాలు ఆయా ఇంజనుకు తయారీదారు ఇచ్చిన పుస్తకం ప్రకారం తీసుకోవాలి. గొలుసు లేని సమయంలో ఏ షాఫ్టునూ ఇష్టం వచ్చినట్లు తిప్పరాదు.

2. క్రాంక్ షాఫ్టును నిర్దేశించిన స్థానానికి తేవాలి. చాలా ఇంజన్లలో ఇది ఒకటో పిస్టన్ పై చివరన ఉండే స్థానం. తరువాత కామ్ షాఫ్టు గుర్తును సరిచూడాలి.

3. గొలుసులోని రంగు లింకులను చక్రాలపై గల గుర్తులకు ఎదురుగా ఉంచాలి. అంబాసిడర్ ఇంజనులో రెండు చక్రాలను, గొలుసును కలిపి ఒకేసారి ఎక్కిస్తారు. చక్రాలపై గల చుక్కలు ఎదురెదురుగా రావాలి. 1248 సీసీ ఫియట్ ఇంజనులో షాఫ్టులను ప్రత్యేక పనిముట్లతో కదలకుండా నిలిపి టైమింగ్ పెడతారు.

4. టెన్షనర్ లేని వైపు గొలుసు బిగుతుగా ఉండాలి. వదులు అంతా టెన్షనర్ వైపుకు రావాలి. ఆపై టెన్షనర్‌ను బిగించి, దానిని అణచి ఉంచిన పిన్నును తీయాలి.

5. క్రాంక్ బోల్టుకు పానా వేసి, ఇంజను నడిచే దిశలోనే చేతితో రెండు పూర్తి చుట్లు తిప్పాలి. వెనుకకు తిప్పితే వదులు రెండవ వైపుకు చేరి గొలుసు పన్ను దాటవచ్చును. ఎక్కడైనా గట్టిగా అడ్డుతగిలితే బలవంతం చేయక, ఆపి కారణం వెదకాలి. స్టార్టరు మోటారుతో తిప్పితే ఈ హెచ్చరిక అందేలోపే వాల్వులు వంగుతాయి.

రంగు లింకుల విషయంలో పొరపాటు

రెండు చుట్ల తరువాత చక్రాల గుర్తులు తిరిగి తమ స్థానాలకు వస్తాయి, కాని రంగు లింకులు రావు. 132 లింకుల గొలుసు, 20 పళ్ళ క్రాంక్ చక్రం ఉన్న ఇంజనులో అవి మళ్ళీ కలియుటకు క్రాంక్ షాఫ్టు 66 చుట్లు తిరగాలి. ఇది తెలియక సరిగా ఉన్న అమరికను విప్పి చెడగొట్టడం జరుగుతుంది. రంగు లింకులు మొదట కూర్చడానికి మాత్రమే. తరువాతి తనిఖీకి చక్రాల గుర్తులే ఆధారం.

నిజామాబాదు, బోధన్ ప్రాంతం

నిజామాబాదు జిల్లాలోని బోధన్ 1937లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం వలన చెరకు ప్రాంతంగా పేరొందింది. ఆ కర్మాగారం 2015లో మూతపడింది. చెరకు రవాణాకు వాడే ట్రాక్టర్లు, లారీల డీజిల్ ఇంజన్లలో సాధారణంగా గొలుసు ఉండదు, టైమింగ్ గేర్లు ఉంటాయి. గేర్లకు టెన్షనర్ అవసరం లేదు. గొలుసులా వదులై పన్ను దాటడం ఉండదు. కాని మధ్య గేరు ఉన్న ఇంజన్లలో దాని గుర్తులు కూడా రంగు లింకుల వలెనే అనేక చుట్ల తరువాత గాని కలియవు. కనుక ట్రాక్టరు ఇంజను పని తెలిసినవారు కారు ఇంజను బిగించేటప్పుడు కొత్తగా గమనించవలసినవి గొలుసు వదులు, టెన్షనర్.

అరుగుదల

గొలుసు "సాగింది" అనడం వాడుక మాట. నిజానికి లింకుల పిన్నులు, బుషింగులు అరిగి పొడవు పెరుగుతుంది. దీనివలన వాల్వులు ఆలస్యంగా తెరుచుకుంటాయి. చల్లని ఇంజను స్టార్టు చేసినపుడు గలగల శబ్దం, లాగే శక్తి తగ్గడం దీని లక్షణాలు. చాలా టెన్షనర్లు ఇంజను ఆయిలు ఒత్తిడితో పనిచేస్తాయి కనుక ఆయిలును సకాలంలో మార్చడం గొలుసుకు మేలు చేస్తుంది. కొత్త గొలుసు వేసేటప్పుడు అరిగిన చక్రాలు, గైడ్లు, టెన్షనర్‌ను కూడా మార్చడం మంచిది.