గొడ్రాలు: పుంలింగం లేని మాట

రుగాగమ సంధి చదువుకున్నవాళ్లెవరూ పేదరాలిని మరిచిపోరు. 'ఆలు' పరమైతే మధ్యలో రుగాగమం వచ్చే మాటల్లో పేద, బీద, మనుమలతో పాటు గొడ్డు కూడా ఉంది. గొడ్డురాలే జనం నోట నలిగి గొడ్రాలయింది. పేదరాలికి పేదవాడున్నాడు, మనుమరాలికి మనుమడున్నాడు. గొడ్రాలి పక్కన నిలబడే మగమాట మాత్రం వాడుకలో లేదు.

గొడ్డు అంటే పశువు ఒకటి. ఏమీ లేనిది, ఫలించనిది అని ఇంకొకటి. కూరా పప్పూ లేనప్పుడు అన్నంలో కలుపుకునే గొడ్డుకారంలో ఉన్నది ఈ రెండోదే. కాపు రాని చెట్టూ గొడ్డే, ఈనని ఆవూ గొడ్డే. ఇన్నింటికి అతికిన మాట మగవాడికి అతకలేదు. ధర్మశాస్త్రాలు భార్యను క్షేత్రమనీ, భర్తది బీజమనీ అన్నాయి గనక నింద పొలానికే పోయిందనుకోవచ్చు. కానీ ఆ శాస్త్రకారులకు విత్తనం సంగతీ తెలుసు. తెలియకపోతే, భర్త వల్ల కాక మరొకరి వల్ల భార్యకు పుట్టినవాణ్ణి పిలవడానికి క్షేత్రజుడనే మాటతో పనేముంది? ధృతరాష్ట్రుడూ పాండురాజూ క్షేత్రజులే. విచిత్రవీర్యుడు ఇద్దరు భార్యలుండి కూడా బిడ్డలు లేకుండానే పోయాడు. ఆ భార్యలైన అంబికకూ అంబాలికకూ, కోడళ్లను నిందించకుండా వేరే దారి వెతికిన సత్యవతి లాంటి అత్త దొరికింది, అందరికీ దొరకదు.

విచిత్రవీర్యుడి పేరులోనే ఉంది అసలు చిక్కు. వీర్యం అంటే శౌర్యమూ, శుక్రమూ. వ్యవస్థల్ని నిర్వీర్యం చేస్తున్నారని పేపర్లు రోజూ రాస్తుంటాయి. అలాంటప్పుడు వీర్యపరీక్ష అని చీటీ రాసిస్తే, కూలికి పోయే మనిషి దాన్ని పౌరుషానికి పెట్టిన పరీక్షగా చదువుకోడా? పైగా పిల్లలు పుట్టకపోవడానికీ మగతనానికీ మధ్య గీత మన మాటల్లో లేదు. నపుంసకుడు అనేస్తారు. కాపురానికి ఏ లోటూ లేనివాడికి కూడా శుక్రకణాలు తక్కువుండొచ్చు, అసలు లేకపోవచ్చు. ఆ మనిషిని పిలవడానికి తిట్టు తప్ప మాట లేదు.

జిల్లా కేంద్రాల్లో ఏ ల్యాబుకు వెళ్లినా పిల్లల కోసం వచ్చిన జంట కనబడేది ఇలాగే. ఆమె చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో స్కానింగులు, ట్యూబుల ఎక్స్‌రే, హార్మోన్ల రిపోర్టులు. ఆయన పేరు మీద ఒక్క కాగితం ఉండదు. నిజానికి ముందే చేయించాల్సిన పరీక్ష ఆయనది. సూది లేదు, మత్తు లేదు, ఖర్చు కొన్ని వందలు. కానీ అంతకుముందు రెండు నుంచి ఏడు రోజులు కలవకుండా ఉండాలి. శాంపిల్ గంటలోపు ల్యాబుకు చేరాలి. రెండు బస్సులు మారి వచ్చే ఊరివాడు ఇంటి నుంచి తేలేడు. ఇక మిగిలింది ల్యాబు బాత్రూమే. గడియ సరిగ్గా పడదు, బయట మూత్రపరీక్షకు వచ్చినవాళ్ల వరస, కౌంటరు నుంచి పేరు పెట్టి గట్టిగా కేక. దీనికోసం ఒక రోజు కూలి వదులుకోవాలి. చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్షే లేదు. సంతానలేమి చికిత్స మామూలుగా ఆయుష్మాన్ భారత్ కార్డు కిందికి రాదు. ఇంతా చేసి రిపోర్టు బాగాలేదంటే, నాలోనే లోపమని అత్తతో చెప్పే భార్యలున్నారు. ఆ మాట పడ్డం అలవాటే గనక.

ఈ మధ్య 'కౌంట్' అనే మాట ఊళ్లలో దిగింది. బీపీ ఎక్కువ, షుగర్ ఎక్కువ, కౌంట్ తక్కువ. శుక్రకణ సంఖ్య అనమని భాషాభిమానులు అడగొచ్చు. నా ఓటు కౌంటుకే. అందులో శౌర్యం లేదు, ఉత్త అంకె. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వేసిన వీర్యపరీక్షల పుస్తకం ప్రకారం ఆ అంకెకు కింది హద్దు మిల్లీలీటరుకు కోటీ అరవై లక్షలు. అంతకన్నా తగ్గితే పిల్లలు పుట్టరని కాదు. గొడ్రాలికి పుంలింగం కట్టమని మాత్రం నేను అడగను; ఉన్న తిట్టే ఎక్కువ.

అంకె మారొచ్చు కూడా. శుక్రకణం తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది, అందుకే మందులిచ్చాక మూడు నెలలకు మళ్లీ చూపించుకోమంటారు డాక్టర్లు. అప్పటికి ఆయన ఏ ఇటుక బట్టీలోనో, పట్నంలో సెంట్రింగు పనిలోనో ఉంటాడు.