మౌనం, పూర్తి అంగీకారం

మా వీధి చివర రెండు పాత ఇళ్ళు పడగొట్టి ఆరంతస్తుల అద్దె అపార్ట్‌మెంటు కడతామని ఎవరో దరఖాస్తు పెట్టారు. పచ్చిక మీద పెద్ద బోర్డు పాతారు. రెండోరోజు సాయంత్రానికల్లా మా వీధిలో ఒకాయన ఉత్తరం నమూనా పట్టుకుని ఇంటికొచ్చాడు. "పేరూ అడ్రసూ పెట్టి సిటీకి పంపితే చాలు" అన్నాడు. కారు పెట్టుకోవడానికి చోటు దొరకదేమోనన్న బెంగ నాకూ ఉంది. చదివీ చదవకుండా పంపేశాను. వచ్చి మాట్లాడతారా అని అడిగితే, ఆ ఊపులో దానికీ పేరిచ్చేశాను.

ఇన్నేళ్ళుగా వాంకూవర్‌లో ఉంటున్నా నేను సిటీ హాలు మెట్లెక్కింది లేదు. మాట్లాడే రోజున తడబడకూడదని, ముందుగా ఒక మంగళవారం పొద్దున్న సెలవు పెట్టి మామూలు కౌన్సిలు మీటింగు చూడ్డానికి వెళ్ళాను. పన్నెండో ఎవెన్యూ మీద, ఊరికి యాభయ్యేళ్ళు నిండిన 1936లో, ఆర్థికమాంద్యం నడుస్తూండగా కట్టిన భవనం అది. బయట కెప్టెన్ జార్జి వాంకూవర్ విగ్రహం. మూడో అంతస్తులో కౌన్సిలు గది. మేయరూ, పదిమంది కౌన్సిలర్లూ. ఇక్కడ వార్డులు లేవు. పదిమందినీ ఊరంతా కలిసి ఎన్నుకోవాలి. అంచేత మా వార్డు మెంబరు అని నిలదీయడానికి ఎవరికీ ఎవరూ లేరు.

మునిసిపల్ మీటింగంటే కుర్చీలు విరగడం, అజెండా కాయితాలు చింపి ఎగరేయడం అని పేపర్లో చదివి పెరిగినవాణ్ణి. ఇక్కడ ఆ సందడేమీ లేదు. ముందుగా, ఈ నేల మస్క్వియమ్, స్క్వామిష్, స్లేవాటూత్ జాతులదనీ, వాళ్ళు దీన్ని ఎన్నడూ ఎవరికీ రాసివ్వలేదనీ చెప్పారు. కౌన్సిలు 2014లో ఆ మాట అధికారికంగా ఒప్పుకుంది. (ప్రార్థనతో మొదలుపెట్టే ఊళ్ళు కూడా ఈ దేశంలో ఉండేవి. కెబెక్‌లోని సగనే ఊరి కేసులో సుప్రీంకోర్టు 2015లో అది కూడదంది.) తర్వాత కిందటి సమావేశం మినిట్సు ఆమోదించాలని ఒకరు ప్రతిపాదించారు, ఒకరు బలపరిచారు, అయిపోయింది. మురుగు పైపుల కాంట్రాక్టు, ఏదో పండగకి రోడ్డు మూసే అనుమతి, ఒక కమిటీలో ఖాళీ. చివర్లో డజను బైలాలకి ఒక్కొక్కదాని పేరైనా చదవకుండా, ఫలానా నంబరు నుంచి ఫలానా నంబరు దాకా అని ఒకే గుక్కలో చట్టం ముద్ర వేసేశారు. మన పెళ్ళిళ్ళలో పురోహితుడు భోజనాల వేళ మించిపోతోందని మంత్రాలు తరిమినట్టు.

ఒక తీర్మానం దగ్గర మాత్రం ఒక కౌన్సిలరు చెయ్యెత్తకుండా, వద్దనకుండా కూర్చున్నారు. పక్కన అల్లిక పని చేసుకుంటున్న ముసలావిడ, ప్రతివారం వచ్చే బాపతు కాబోలు, నా వైపు వంగి "అదీ ఔననే లెక్క" అంది. నాకు అర్థం కాలేదు. ఇంటికొచ్చి చూస్తే నిజమే. వాంకూవర్ చార్టరు ప్రకారం సభలో ఉండి ఓటెయ్యని సభ్యుడు ఔనని ఓటేసినట్టే. మనవాళ్ళు మౌనం అర్ధాంగీకారం అన్నారు. ఇక్కడ ఆ సగం తగ్గింపు కూడా లేదు.

ఆ నియమం నన్ను చాలా రోజులు తొలిచింది. ఈ ఊరి కౌన్సిలు చేసినవి, మంచో చెడో, అన్నీ అదే గొంతుతో, అదే వరసలో జరిగాయి. ప్రతిపాదన, బలపరచడం, ఆమోదం. మినిట్సు పుస్తకానికి మురుగుకాలవకీ మనిషికీ తేడా తెలీదు.

1886 మే నెలలో మొదటి కౌన్సిలు ఎన్నికైంది. ఆ ఎన్నికలో చీనావాళ్ళకీ, ఆదివాసులకీ ఓటు లేదు. మాల్కం మక్లీన్ మేయరు. జూన్ 13న ఊరు మొత్తం తగలబడిపోతే డేరాలో సిటీ హాలు పెట్టుకుని పని సాగించారు. డేరా ముందు బల్ల వేసుకు కూర్చున్న ఆ పెద్దమనుషుల ఫొటో చాలా ప్రసిద్ధం. మంటలకి నెల ముందు ఆ కౌన్సిలు చేసిన మొట్టమొదటి తీర్మానాల్లో ఒకటి, సముద్రంలోకి చొచ్చుకుపోయిన అడవిని పార్కు కోసం తమకివ్వమని ఒట్టావాని అడగడం. అదే ఈనాటి స్టాన్లీ పార్కు. ఇండియా నుంచి ఎవరొచ్చినా మనం ముందు తీసుకెళ్ళి చూపించేది దాన్నే. ఆ అడవిలో అప్పటికే ఊళ్ళూ మనుషులూ ఉన్నారు. వాళ్ళనెవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు కాబట్టి మినిట్సులోనూ ఉండదు.

చీనావాళ్ళ విషయంలో కౌన్సిలు మౌనంగా ఏమీ లేదు. లాండ్రీలు ఎక్కడ పెట్టకూడదో బైలాలు, సిటీ పనుల్లో వాళ్ళని పెట్టుకోకూడదని షరతులు, ఇలా ఒక్కొక్కటే ఆమోదిస్తూ పోయింది. 2017లో సిటీ ఉద్యోగులు తమ పాత రికార్డులనే తవ్వి, 1886 నుంచి ఊరు చేసిన ఇలాంటి పనులన్నీ నివేదికగా కౌన్సిలు ముందు పెట్టారు. దాని మీద 2018 ఏప్రిల్ 22న చైనాటౌన్‌లోనే సమావేశం జరిపి క్షమాపణ చెప్పారు. మినిట్సు అనేవి ఉన్నందుకు ఒక ఉపయోగం అదీ.

మనవాళ్ళ సంగతి. 1907లో బ్రిటిష్ కొలంబియా ప్రభుత్వం ఇండియా నుంచి వచ్చినవాళ్ళకి ఓటు తీసేసింది. మతమేదైనా అందరినీ 'హిందువు'లనేవారు. పురపాలక ఓటు కూడా అదే దారిన పోయింది. రాష్ట్ర ఓటర్ల జాబితాలో పేరు లేకపోతే లాయరు కావడానికి వీల్లేదు, మందుల షాపు లైసెన్సు రాదు. ఓటు పోవడమంటే అయిదేళ్ళకోసారి వేలికి సిరా లేకపోవడం మాత్రమే కాదన్నమాట. అదే ఏడు సెప్టెంబరు 4న సరిహద్దుకి అవతల బెల్లింగ్‌హామ్‌లో రంపపు మిల్లుల్లో పనిచేసే మనదేశంవాళ్ళని కొట్టి ఊళ్ళోంచి తరిమారు. మూడు రోజులకి వాంకూవర్‌లో ఆసియావాళ్ళు పోవాలని వేలమంది ఊరేగింపు తీశారు. అది చేరింది ఎక్కడికంటే, అప్పటి సిటీ హాలుకే. అక్కడ ఉపన్యాసాలు విని బయల్దేరిన గుంపు చైనాటౌన్ అద్దాలన్నీ పగలగొట్టింది. పావెల్ వీధిలో జపాన్‌వాళ్ళు తిరగబడి ఆపారు.

1914లో కొమగాటమారు ఓడ కథ అందరికీ తెలిసిందే. మే 23న 376 మందితో వచ్చింది. ఇరవై నాలుగు మందిని మాత్రం దిగనిచ్చారు. మిగిలినవాళ్ళు రెండు నెలలు రేవులో, ఊరు కళ్ళెదుట కనిపిస్తుండగా, నీళ్ళకీ తిండికీ అల్లాడి జూలై 23న వెనక్కి మళ్ళారు. కలకత్తా దగ్గర బజ్‌బజ్‌లో దిగాక పోలీసు కాల్పుల్లో ఇరవై మంది దాకా పోయారు. ఓడలో ఉన్నవాళ్ళంతా పంజాబీలే, ఎక్కువమంది సిక్కులు, తెలుగువాళ్ళెవరూ లేరు. అయినా ఆ రేవు పక్కన నడిచినప్పుడల్లా 'వాళ్ళు వేరే' అనుకోవడం నా వల్ల కాదు. జూన్ 23న ఓడకి వ్యతిరేకంగా బహిరంగసభ పెట్టించింది మేయరు ట్రూమన్ బాక్స్టర్. అందులో గట్టిగా మాట్లాడిన పార్లమెంటు సభ్యుడు స్టీవెన్స్ అంతకుముందు ఈ ఊరి కౌన్సిలరే. రాష్ట్ర శాసనసభ 2008లో, దేశ ప్రధాని పార్లమెంటులో 2016లో క్షమాపణ చెప్పారు. ఊరి వంతు 2021లో వచ్చింది. ఆ ఏడు మే 23ని స్మారకదినంగా ప్రకటిస్తూ కౌన్సిలు తన పాత్రకి క్షమాపణ చెప్పింది. అదీ అజెండాలో ఒక అంశమే.

ఇది చదువుతుంటే నాకు చీరాల గుర్తొచ్చింది. అక్కడ కథ సరిగ్గా తిరగేసి ఉంటుంది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలని కలిపి మునిసిపాలిటీ చేసింది. నాలుగు వేలున్న పన్ను నలభై వేలకి పెరిగింది. మాకీ మునిసిపాలిటీ వద్దు మహాప్రభో అని జనం మొత్తుకున్నా వినలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద 1921లో వేలమంది ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగరంలో పాకలు వేసుకుని పదకొండు నెలలున్నారు. ఊరే లేకపోతే నీ కౌన్సిలు దేన్ని పాలిస్తుంది అన్నట్టు. అదే కాలంలో ఇక్కడ మిల్లుల్లో దుంగలు లాగేవాళ్ళు, పన్నులు కట్టి, మమ్మల్ని లెక్కలో వేసుకోండని అర్జీలు పెట్టుకుంటున్నారు. అక్కడ లెక్కలోకి లాగారు, ఇక్కడ లెక్కలోంచి తోశారు. రెండు చోట్లా అడగకుండానే.

ఓటు కోసం పోరాటం ఇక్కడి సిక్కు ఖాల్సా దివాన్ సొసైటీ వాళ్ళది. వాళ్ళ తరఫున వాదించడానికి 1939లో వచ్చిన లాయరు డి.పి. పాండియా మాత్రం మన మద్రాసు నుంచి వచ్చినాయన. 1947లో రాష్ట్ర ఓటు తిరిగొచ్చింది, దాని వెనకే ఊళ్ళ ఓట్లూ వచ్చాయి. 1950లో, ఫ్రేజరు నది ఒడ్డున మిషన్ అనే చిన్న ఊళ్ళో నరంజన్ సింగ్ గ్రేవాల్ కౌన్సిలుకి నెగ్గారు. కెనడాలో ఒక పదవికి ఎన్నికైన మొదటి భారతీయుడు ఆయనే. 1954లో తోటి సభ్యులు ఆయన్ని అధ్యక్షుణ్ణి చేశారు. ఓటే లేని మనిషి ఏడేళ్ళలో ఊరిపెద్ద కుర్చీలో కూర్చున్నాడంటే, ఆ తెల్లవాళ్ళ ఊరిని కూడా మెచ్చుకోవాలి.

వాంకూవర్‌లో ఆ వంతు శెట్టి పెండకూర్‌ది. పేరు చూస్తేనే దక్షిణాది. బ్రిటిష్ కొలంబియా యూనివర్సిటీలో నగర ప్రణాళికలు చెప్పే ప్రొఫెసరు. 1960లలో చైనాటౌన్ మీదుగా ఫ్రీవే వేద్దామని కౌన్సిలు తలపెట్టినప్పుడు చీనా వర్తకులూ, స్ట్రాత్‌కోనా ఇళ్ళవాళ్ళూ, విద్యార్థులూ సిటీ హాలుకి పోటెత్తి ఆ పని ఆపించారు. అప్పటికే నల్లవాళ్ళుండే హోగన్స్ ఆలీ మాత్రం వంతెనల కింద పోయింది. ఆ పోరాటం గురించి పెండకూర్ 1972లో పుస్తకం రాశారు. అదే ఏడు చివర ఎన్నికల్లో నిలబడి కౌన్సిలరయ్యారు. ఈ పెద్ద ఊరి నడుమ ఫ్రీవే లేకపోవడానికి కారణం, ఆ సాయంత్రాలు కొందరు వంట మానుకుని వెళ్ళి మీటింగుల్లో కూర్చోవడమే. 2022లో మేయరుగా కెన్ సిమ్ నెగ్గారు, చీనావాళ్ళలో మొదటివాడు. ఆ ఎన్నికలో ఓటేసినవాళ్ళు నూటికి 36 మంది. ఓటెయ్యని 64లో నేనున్నాను. కాగితం నిండా తెలీని పేర్లేనని సాకు.

నా మీటింగు రోజు వచ్చింది. సాయంత్రం ఆరింటికి మొదలు. ఒక్కొక్కరికీ అయిదు నిమిషాలు. నా వంతు ఎక్కడో నలభై దాటాక. మాట్లాడినవాళ్ళలో చాలామంది మా వీధివాళ్ళే, మంచివాళ్ళే. కానీ "మా పేట స్వభావం మారిపోతుంది" అన్న మాట పదేపదే వచ్చింది. నేను పంపిన ఉత్తరంలో కూడా ఆ మాటుందని అప్పుడు గుర్తొచ్చింది. వంతెన అవతల వెస్ట్ వాంకూవర్‌లో బ్రిటిష్ ప్రాపర్టీస్ అనే పేట ఉంది. అక్కడి ఇళ్ళ దస్తావేజుల్లో ఆసియా, ఆఫ్రికా మూలాలున్నవాళ్ళు ఉండకూడదని రాసి ఉండేది. పనివాళ్ళుగా అయితే ఫరవాలేదు. చట్టం ఆ షరతుల్ని 1978లో రద్దు చేసింది. అదీ పేట స్వభావం కాపాడుకోవడమే. మా వీధివాళ్ళు ఆ ఉద్దేశంతో అన్నారని నేననను. ఈ ఊళ్ళో అద్దె ఇల్లు దొరక్క మేం మొదటి ఏడాది ఎవరి బేస్‌మెంట్లో ఉన్నామో మాత్రం గుర్తొచ్చింది. నా అయిదు నిమిషాల్లో, ఉత్తరం వెనక్కి తీసుకుంటున్నానని చెబుదామనుకున్నాను.

పది కావొచ్చింది. సమావేశం పొడిగించాలని ఒకరు ప్రతిపాదించారు, ఒకరు బలపరిచారు. నా ముందు ఇంకా తొమ్మిదిమంది. పొద్దున్న ఆరింటికి డ్యూటీ. లేచి వచ్చేశాను, ఇందులో ఎవరి తప్పూ లేదు. బస్సులో ఫోను తీసి ఇంకో ఉత్తరం మొదలుపెట్టి, రెండు వాక్యాలు రాసి, రేపు చూద్దాం లెమ్మనుకున్నాను. ఆ రాత్రే విచారణ ముగించి ఓటింగు కూడా పెట్టేశారు.

తర్వాత మినిట్సు చూశాను. మద్దతుగా వచ్చిన ఉత్తరాలు ఇన్ని, వ్యతిరేకంగా వచ్చినవి ఇన్ని. ఆ రెండో అంకెలో ఒకటి నాది. దరఖాస్తు నెగ్గింది. వీధి చివర ఇప్పుడు పునాదులు తవ్వుతున్నారు. ఉత్తరం తెచ్చినాయన ఎదురుపడ్డప్పుడల్లా "మనం చెప్పాం, వాళ్ళే వినలేదు" అంటూంటాడు. నేనేమీ అనను.