వెదురు ఆసుపత్రి నుంచి మందుల చట్టం దాకా

1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు త్రిపురలోకి తరలివస్తున్న రోజుల్లో, మేలాఘర్ ప్రాంతంలో ఒక ఆసుపత్రి వెలిసింది. గోడలు వెదురువి, పడకలు 480. బ్రిటన్‌లో ఉన్నత వైద్యవిద్యను మధ్యలోనే విడిచి వచ్చిన జఫరుల్లా చౌధురి, ఆయన సహచరుడు ఎం.ఎ. మొబిన్ దాన్ని నెలకొల్పారు. గాయపడిన ముక్తివాహిని యోధులకు అక్కడ ఉచితంగా చికిత్స జరిగేది. నర్సుల కొరత తీర్చింది, అంతకుముందు వైద్యం ఊసే ఎరుగని యువతులు. కొద్దికాలం శిక్షణతోనే వారు ఆ బాధ్యతను సమర్థంగా మోశారు.

యుద్ధం ముగిసింది గాని ఆ అనుభవం వృథా పోలేదు. 1972లో ఢాకా సమీపంలోని సావార్‌లో 'గణస్వాస్థ్య కేంద్రం' మొదలైంది. వైద్యులు పట్టణాలను విడిచి రారు, రోగులు పట్టణాల దాకా పోలేరు. ఈ చిక్కుకు కేంద్రం కనుగొన్న పరిష్కారం గ్రామీణ యువతులే. పారామెడిక్‌లుగా శిక్షణ పొంది, సైకిళ్లపై ఊరూరా తిరిగి టీకాలు వేశారు, గర్భిణులను పరీక్షించారు. వారు చేసిన కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల ఫలితాలను 1975లో 'లాన్సెట్' పత్రిక ప్రచురించింది. చికిత్సకు చందా స్థోమతను బట్టి ఉండేది. ఉన్నవాడు ఎక్కువ, లేనివాడు నామమాత్రం చెల్లించేవారు. పేదవాడు అక్కడ యాచకుడు కాదు, సభ్యుడు.

అయితే సేవకు శత్రువులుండరన్న నమ్మకం అక్కడ చెల్లలేదు. 1976లో ఒక ఉపకేంద్రంలో పనిచేస్తున్న పారామెడిక్ హత్యకు గురయ్యాడు.

మరో అడ్డుగోడ మందుల ధర. వైద్యుడు ఫీజు వదులుకున్నా, మందుల కంపెనీ లాభం వదులుకోదు. అందుకే 1981లో కేంద్రం సొంతంగా మందుల తయారీ ప్రారంభించింది. మరుసటి ఏడాది, చౌధురి సభ్యుడుగా ఉన్న నిపుణుల సంఘం సిఫారసులపై ప్రభుత్వం ఔషధ ఆర్డినెన్సు తెచ్చింది. నిరుపయోగమైనవీ హానికరమైనవీ అయిన 1,700కు పైగా మందులు నిషేధానికి గురయ్యాయి. విటమిన్లు, యాంటాసిడ్ల వంటి సులభమైన తయారీలను దేశీయ సంస్థలకు వదిలేయాలని విదేశీ కంపెనీలను ఆదేశించారు. అమెరికా ఒత్తిడి తెచ్చింది. దేశంలోని వైద్యుల సంఘం సైతం ఎదురు తిరిగింది.

ఇక్కడే చరిత్ర ఇబ్బందికరమైన ప్రశ్న వేస్తుంది. ఆ ఆర్డినెన్సుపై సంతకం పడినది సైనిక నియంత ఎర్షాద్ ఏలుబడిలో. ప్రజల పేరుతో పుట్టిన సంస్థ, ప్రజలెన్నుకోని పాలకుడి చేత పని చేయించుకుంది. ఆ నింద చౌధురిని చాలాకాలం వెన్నాడింది. కానీ పొరుగునున్న ప్రజాస్వామ్యం ఏం చేసింది? బ్రాండ్ పేర్లను దశలవారీగా తొలగించాలని భారత్‌లో హాథీ కమిటీ 1975లోనే సూచించింది. ఆ సూచన కాగితాలకే పరిమితమైంది.

బంగ్లాదేశ్ నేడు తన మందుల అవసరాలను దాదాపు పూర్తిగా తానే తీర్చుకుంటోంది. అయినా ఆ విజయం సంపూర్ణం కాదు. 1994లో ధరల నియంత్రణను 117 మందులకే కుదించారు. తక్కినవాటి ధర కంపెనీల ఇష్టానికి వచ్చింది. చట్టం ఇచ్చినదాన్ని, కావలి కాసేవారు లేకపోతే, చట్టమే తిరిగి తీసుకుంటుంది.

2023 ఏప్రిల్ 11న చౌధురి ఢాకాలో కన్నుమూశారు. చివరి చికిత్స కూడా తాను నిర్మించిన ఆసుపత్రిలోనే పొందారు.